ఇంటి గుట్టు ఇంటికే చేటు

ఇంటి గుట్టు లంకకు చేటని మన పెద్దల సామెత. విభీషణుడు ఇంటి మాట బయటపెట్టినందువల్లనే రావణుని కొంప కూలిందని దాని తాత్పర్యం. మన ఇళ్ళలో ఈ సామెతకున్న పలుకుబడి ఇంతా అంతా కాదు. తరాల క్రిందట పుట్టిన గడ్డ వదలి తమిళదేశానికో, కన్నడదేశానికో, మహారాష్ట్రానికో, ఒడిశాకో వచ్చి స్థిరపడిన కుటుంబాలలో మరీను. మనవాళ్ళు బయలుదేరినప్పుడు మూటలో మొదట కట్టుకొన్న వస్తువు పరువు. ఇరుగుపొరుగు వేరే భాషవారైన చోట, ఉన్న నాలుగు తెలుగు ఇళ్ళలోనూ మాట పడకుండా బ్రతకాలని వారి తాపత్రయం. దానిని మేము తప్పు పట్టడం లేదు. కాని ఒక్క విషయంలో మాత్రం ఈ సామెత తలక్రిందులవుతుంది. దాచిన గుట్టు తాగుడైనప్పుడు చేటు చెప్పడం వల్ల రాదు, దాచడం వల్ల వస్తుంది. ఈ నెల ఆ సంగతే ముచ్చటించదలచాము.

తమిళనాడులోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఇందుకు ప్రేరణ. పేరూ ఊరూ ప్రకటించవద్దని కోరారు, మేమూ ప్రకటించము. ఆమె భర్తకు 47 ఏళ్ళు, సొంత కొట్టు ఉన్నది. పదేళ్ళ క్రిందట రాత్రివేళ స్నేహితులతో మొదలైన అలవాటు ఇప్పుడు తెల్లవారుతూనే మొదలవుతున్నది. ఒక గుక్క పడితే గాని చేతి వణుకు తగ్గదు, చెక్కు మీద సంతకం కుదరదు. కొట్టు తాళం ఆవిడే తీస్తారు. అడిగినవారికి "వారికి షుగరు ఎక్కువైంది, పడుకొన్నారు" అని చెబుతారు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "పెళ్ళయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదమ్మా" అని బావగారు గట్టిగా చెప్పారట. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. తాగుడు మాన్పించే పొడి అని పేపరులో ప్రకటన వచ్చింది, దానిని వారికి తెలియకుండా కాఫీలో కలపవచ్చునా? డాక్టరుగారు ఏ.ఏ. మీటింగుకు పంపమన్నారు, అదేమిటి, అక్కడికి వెళితే ఊరందరికీ తెలిసిపోదా?

మొదటి ప్రశ్నకు మా జవాబు ఒక్కటే. వద్దమ్మా, కలపవద్దు. ఆ పొట్లంలో ఏమున్నదో అమ్మేవానికి తప్ప మరొకరికి తెలియదు. డాక్టర్లు వాడే డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటి ఉన్నమాట నిజమే. అది ఒంట్లో ఉండగా మద్యం పుచ్చుకొంటే ముఖం జేవురిస్తుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపు పోటు పడిపోతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు వస్తుంది. అందుచేత దానిని రోగికి అన్నీ విప్పి చెప్పి, అతని ఒప్పుదలతో, డాక్టరు కనిపెట్టి ఉండగా మాత్రమే ఇవ్వాలి. ఆ సంగతి ఎరుగని మనిషి ఎప్పటిలాగే సీసా ఎత్తితే ఏమవుతుందో ఆలోచించండి. అదీగాక, భార్య ఇచ్చిన కాఫీని భర్త అనుమానంతో చూసే రోజు వస్తే, మానడానికి ఆ ఇంట్లో మిగిలిన నమ్మకం కూడా పోతుంది.

రెండవ ప్రశ్నకు పోయేముందు ఒక హెచ్చరిక చేయాలి. మన ఇళ్ళలో మామూలుగా జరిగేది ఏమిటి? ఒకనాడు పెద్ద గొడవ అవుతుంది. పిల్లల తల మీద చేయి వేయించి ఒట్టు పెట్టిస్తారు. లేదా గుడికి తీసుకుపోయి మాల వేయిస్తారు, గదిలో పెట్టి తాళం వేస్తారు. రోజూ పొద్దున్నే తాగితే గాని నిలవలేని స్థితికి వచ్చిన మనిషి విషయంలో ఇది అపాయం. ఒక్కసారిగా ఆపిన మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, చెమటలు పట్టి, జ్వరం వచ్చి, చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. కనుక ముందు చేయవలసిన పని ఆసుపత్రికి తీసుకుపోవడం. అక్కడ కొద్ది రోజులు మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి, వణుకూ నిద్రలేమీ అదుపులోకి తెస్తారు. ఇది శరీరానికి చేసే వైద్యం.

అయితే ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి తిరిగి ఆ వీధిలోకే వస్తాడు. కొట్టు అదే, సాయంత్రం ఆరు గంటలకు పిలిచే స్నేహితుడూ అతడే. ఇంటివారు వారం రోజులు కళ్ళలో వత్తులు వేసుకొని కాచి, ఎనిమిదోనాడు ఆదమరుస్తారు. ఒంట్లోంచి మద్యం పోయినంత మాత్రాన మనసులోంచి పోదు. మీటింగులన్నవి ఈ రెండో భాగానికి.

దుకాణాలు మూయిస్తే ఈ బాధ తీరదా అని కొందరడుగుతారు. అదీ మనవాళ్ళు చూసినదే. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1971లో తమిళనాడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నాటి దూబగుంట ఆడవారి పోరాటం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995లో పూర్తి మద్యనిషేధానికీ దారి తీసింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ తల్లుల తెగువను మేము తక్కువ చేయము. ఇంటి బాధను వీధిలోకి తెచ్చి చెప్పుకొన్నారు గనుకనే వారి మాట చెల్లింది. కాని చట్టాలు వస్తాయి, పోతాయి. జబ్బు పడిన మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటాడు. అమెరికాలోనూ 1920 నుంచి 1933 వరకు నిషేధం సాగింది. అది ముగిసిన రెండేళ్ళకు ఆ దేశంలోనే ఇద్దరు తాగుబోతులు కలుసుకోవడంతో ఈ మీటింగుల కథ ఆరంభమైనది.

వారిలో ఒకరు బిల్ విల్సన్, న్యూయార్కులో షేర్ల వ్యవహారం చూసే మనిషి. రెండవవారు బాబ్ స్మిత్, ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ నగరంలో శస్త్రవైద్యుడు. 1935 మే నెలలో విల్సన్ వ్యాపారం పని మీద ఏక్రన్ వెళ్ళాడు. అప్పటికి తాగుడు మాని కొద్ది నెలలే అయినది. వెళ్ళిన పని చెడింది. హోటలు వసారాలో ఒక ప్రక్క మద్యం అమ్మే గది, మరో ప్రక్క టెలిఫోను. ఆ క్షణాన అతనికి తోచినది ఏమిటంటే, తాను నిలవాలంటే తనవంటి మరొక మనిషితో మాట్లాడాలని. ఊళ్ళోని చర్చిల వారికి ఫోన్లు చేయగా, ఒక ఇల్లాలి ద్వారా డాక్టరు స్మిత్ సంగతి తెలిసింది. కాలుగంట మాత్రమే కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. విల్సన్ అతనికి నీతులు చెప్పలేదు. తాను ఎట్లా తాగినదీ, ఎట్లా చెడినదీ మాత్రం చెప్పాడు. డాక్టరుకు తాగుడు వల్ల శరీరానికి ఏమవుతుందో ఒకరు చెప్పనక్కరలేదు. తన కథనే మరొకరి నోట వినడం మాత్రం అదే మొదటిసారి. స్మిత్ చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీని ఆల్కహాలిక్స్ ఎనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. 1939లో ఆ పేరుతోనే వారి పుస్తకం వెలువడింది. మన దేశానికి ఈ మీటింగులు 1957లో వచ్చినవి.

ఎనానిమస్ అంటే పేరు చెప్పుకోనివారు అని అర్థం. సోదరి భయానికి జవాబు ఆ పేరులోనే ఉన్నది. అక్కడ ఇంటిపేరు అడగరు, వీధి అడగరు, ఉద్యోగం అడగరు. రిజిస్టరులో సంతకం ఉండదు. చెప్పదలచుకొన్న పేరు ఒక్కటి చెబితే చాలు. అక్కడ ఎవరిని చూశామో, ఏమి విన్నామో బయట చెప్పరాదన్నది వారి కట్టు. తెలిసినవాడు కనిపిస్తే ఎట్లా అని అడుగుతారు. కనిపించవచ్చు. కాని అతడూ అదే గదిలో, అదే కారణానికి కూర్చున్నవాడే కదా! ఇద్దరి గుట్టూ ఇద్దరి చేతిలోనూ ఉన్నది.

మీటింగు ఎట్లా జరుగుతుందో చెబుతాము. ఒక స్కూలు గదిలోనో, చర్చి ప్రక్క హాలులోనో కుర్చీలు వేస్తారు. గంటా గంటన్నర సేపు జరుగుతుంది. ఒకరు ఆరంభం చేసి, ఈ కూటమి ఎందుకోసమో చదివి వినిపిస్తారు. తరువాత ఒక్కొక్కరే తమ పేరు చెప్పి, తాము తాగుడుకు బానిసలమని చెప్పుకొని, తమ అనుభవం చెబుతారు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డు రారు. అది తప్పు, ఇది ఒప్పు అని తీర్పు చెప్పరు. మాట్లాడడం ఇష్టం లేనివారు వినివెళ్ళవచ్చు. మొదటిరోజు చాలామంది వినేవారే. చివరకు టీ త్రాగి లేస్తారు. ఫీజు లేదు. ఒక సంచి తిప్పుతారు, ఉన్నవారు తోచినది వేస్తారు, లేనివారు వేయరు. బయటివారి చందాలు పుచ్చుకోరు. చేరడానికి ఒకే ఒక అర్హత, తాగుడు మానాలన్న కోరిక. మగవారికి మాత్రమే అనుకోకండి. ఈ జబ్బు పడిన ఆడవారూ ఉన్నారు, వారికీ అక్కడ చోటున్నది.

వారి పద్ధతిలో మాకు అన్నిటికన్న నచ్చినది "ఈ ఒక్క రోజు" అన్న లెక్క. జన్మలో తాగనని ఒట్టు వేయమనరు. ఈ 24 గంటలు తాగకు, రేపటి సంగతి రేపు చూడు అంటారు. పిల్లల తల మీద వేయించే ఒట్టుకూ దీనికీ ఎంత భేదమున్నదో చూడండి. ఆ ఒట్టు తప్పినవాడు సిగ్గుతో మళ్ళీ సీసా దగ్గరకే పోతాడు. ఇక్కడ తప్పినవాడు మరునాడు మీటింగుకు పోతాడు, "మళ్ళీ రా" అంటారు గాని వెళ్ళగొట్టరు. కొత్తగా వచ్చినవారిని మొదటి 90 రోజుల్లో 90 మీటింగులకు రమ్మని చెప్పడం చాలా చోట్ల వాడుక. పాతవారిలో ఒకరు కొత్తవారికి తోడుగా ఉంటారు, వారిని స్పాన్సరు అంటారు. సాయంత్రం ఆరు గంటలకు పాత స్నేహితుడు పిలిచే వేళకు, ఫోను చేయడానికి మరొక మనిషి దొరికాడన్నమాట.

ఇదంతా మాటలే కదా, పనిచేస్తుందా అని లోకజ్ఞానం గలవారు అడగవచ్చు. 2020లో కోక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష 27 పరిశోధనలను, 10 వేలమందికి పైబడిన రోగుల వివరాలను పరిశీలించింది. పూర్తిగా మాని నిలవడం మాటకు వస్తే, ఏ.ఏ. వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు ఇతర పేరున్న చికిత్సలకు సాటిగానో, అంతకన్న మెరుగుగానో ఉన్నవని తేల్చింది. అందరికీ ఇదొక్కటే దారి అని మేము చెప్పము. మందులతో, కౌన్సెలింగుతో నిలబడినవారూ ఉన్నారు. రెండూ కలిపి నడిచేవారూ ఉన్నారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మీటింగులో ఎవరో చెప్పారని మానకూడదు.

చర్చి హాలు అనగానే మనలో కొందరికి మరొక అనుమానం, మతం మార్చే ఎత్తేమోనని. ఆ హాలు అద్దె కోసం పుచ్చుకొన్నదే గాని, ఏ.ఏ. ఏ మతానికీ చెందదు. వారి 12 మెట్లలో భగవంతుని మాట ఉన్నది. అయితే ఎవరికి తోచిన రూపంలో వారు భావించుకోవచ్చునని వెంటనే అంటారు. వేంకటేశ్వరుని మొక్కేవారు, అల్లాను కొలిచేవారు, ఏమీ నమ్మనివారు ఒకే గదిలో కూర్చుంటారు. నా బలం ఒక్కటే చాలదని ఒప్పుకోవడం దాని సారాంశం.

ఇక భాష సంగతి. మనకు ఇది చిన్న విషయం కాదు. చెన్నైలో మీటింగులు తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతాయి. బెంగుళూరులో కన్నడం కలుస్తుంది, ముంబైలో మరాఠీ, హిందీ. యానాం వంటి చోట వీధి భాష కూడా తెలుగే గనుక ఈ చిక్కు లేదు. మిగిలిన చోట్ల మనవారు కొట్టులో ఒక భాష, వంటింట్లో ఒక భాష మాట్లాడుతారు. "మా నాయనకు అరవంలో లెక్కలు చెప్పడం వచ్చు గాని మనసు చెప్పుకోవడం రాదు" అని పిల్లలు అనడం మేము విన్నాము. అది నిజమే. కాని మరో వైపు కూడా చూడాలి. సిగ్గుపడే మాటను ఇంటి భాషలో కన్న వీధి భాషలో చెప్పుకోవడం కొందరికి తేలిక. అమ్మతోనూ ఆలితోనూ మాట్లాడిన మాటల్లో అనలేనిది, పొరుగు భాషలో నోటికి వస్తుంది. వచ్చీరాని భాషలో చెప్పినా అక్కడ నవ్వరు. కనుక తెలుగు మీటింగు లేదని ఆగవద్దు. ముందు వెళ్ళండి. ఒకే ఉద్దేశంతో ఇద్దరు ముగ్గురు కూడినా, మరే సంస్థ పేరూ తగిలించకుండా ఉంటే, అది ఏ.ఏ. కూటమి కాగలదు. మానిన తెలుగువారు ఇద్దరు కలిసిన నాడు తెలుగు మీటింగు అదే పుడుతుంది.

ఇప్పుడు ఇల్లాలి మాట. భర్త రానంటే ఏమి చేయాలి? ఈ ప్రశ్న అడగనివారు లేరు. రానంటే ఆవిడే వెళ్ళాలి. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరొక ఇల్లాలితో కలిసి ఆల్ అనాన్ అనే కుటుంబాల కూటమి ఏర్పాటు చేసింది. తాగేవారి భార్యలు, భర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు అందులో కూర్చుంటారు. అక్కడ నేర్పేది తాగేవాణ్ణి కాపలా కాయడం కాదు. ఈ జబ్బు నేను తెచ్చినది కాదు, నా అదుపులో ఉండేదీ కాదు, నేను కుదర్చగలిగేదీ కాదు అన్న మూడు మాటలు మనసుకు పట్టించుకోవడం. సీసాలు వెదికి పారబోయడం, అప్పులు తీర్చడం, షుగరు ఎక్కువైందని అబద్ధమాడడం ఇవన్నీ ప్రేమతోనే చేస్తాము. కాని వాటి వల్ల అతనికి తన తాగుడు ఖరీదు ఎంతో తెలియకుండా పోతుంది. కొట్టు తెరవని రోజున ఎందుకు తెరవలేదో అతడే చెప్పుకోనివ్వాలి. ఏ.ఏ.లోనూ ఓపెన్ మీటింగు అని కొన్ని ఉంటాయి, వాటికి ఇంటివారూ వెళ్ళి కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగుకు మాత్రం తాగుడు మానదలచినవారే వెళ్ళాలి. తాగి కొట్టే ఇంట్లో మాత్రం మీటింగు కన్న ముందు ఆడవారూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి.

ఎక్కడ అడగాలన్న దానికి వస్తాము. కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత ఫోను నంబరు 14446, మత్తుకు లోనైనవారి కోసమే ఉన్నది. మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ వారి 14416 ఉన్నది, అక్కడ తెలుగులోనూ మాట్లాడుతారు. దగ్గరలో ఏ.ఏ. మీటింగు ఏ రోజున, ఎక్కడ జరుగుతుందో పెద్ద ఆసుపత్రుల మానసిక వైద్య విభాగంలో అడిగితే తెలుస్తుంది. ప్రయాణం కుదరనివారికి ఫోను ద్వారా జరిగే మీటింగులూ ఉన్నవి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఈ జబ్బుకు ప్రత్యేక విభాగం ఉన్నది. పూణేలో అనితా అవచట్, అనిల్ అవచట్ దంపతులు 1986లో ముక్తాంగణ్ స్థాపించారు.

చెన్నై సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి టి.టి.కె. పేరుగల పెద్ద పారిశ్రామిక కుటుంబంలో రంగనాథన్ అనే యువకుడు తాగుడు వల్ల 1979లో చనిపోయాడు. ఆయన భార్య శాంతి రంగనాథన్. పరువు పేరు చెప్పి ఆ మాట గుమ్మంలోపలే పాతిపెట్టడానికి ఆ ఇంటికున్నంత అవకాశం మరొకరికి లేదు. ఆవిడ అట్లా చేయలేదు. 1980లో భర్త పేరుతోనే తాగుడు జబ్బుకు చికిత్సాలయం ప్రారంభించారు. ఆయన ఏ జబ్బుతో పోయినదీ ఆ పలకే చెబుతున్నది. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. పోయినది పరువా, నిలిచినది పరువా, పాఠకులే ఆలోచించాలి.

మన ఇళ్ళు ఒంటరివి కావని కూడా తెలుసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ వారు జరిపిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం పుచ్చుకొంటున్నారనీ, వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి దాని వల్ల కలిగిన కీడుకు సహాయం అవసరమనీ అందులో ఉన్నది. బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నదట. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? వారిలో ఎందరు షుగరు ఎక్కువై పడుకొన్నారో!

సంఘానికీ ఇందులో పని ఉన్నది. మొదటిది, వనభోజనాల్లోనూ పెళ్ళి విడుదుల్లోనూ "ఒక్కటి పుచ్చుకో బావా, ఏం కాదులే" అని బలవంతం చేసే సరసం మానాలి. వద్దన్న మనిషిని ఎందుకు వద్దని అడగరాదు. ఆ ఒక్కటి నిరాకరించడానికి అతడు ఎన్ని మీటింగులు కూర్చున్నాడో మనకేమి తెలుసు? రెండవది, సంఘ భవనంలో వారానికి ఒక సాయంత్రం ఒక గది ఈ కూటములకు ఇవ్వవచ్చు. ఉచితమంటే వారే ఒప్పుకోరు, తమ ఖర్చు తామే భరించడం వారి నియమం. చిన్న అద్దె పుచ్చుకోండి. తలుపు దగ్గర కార్యవర్గ సభ్యుడెవరూ నిలబడవద్దు, ఎవరు వచ్చారో లెక్క వ్రాయవద్దు. సంఘం పేరు బోర్డు మీద పెట్టనక్కరలేదు.

ఇక అమ్మాయి పెళ్ళి. సోదరీ, మీ బావగారి భయం మాకు అర్థమైనది. కాని వియ్యంకులకు దాచిన తాగుడు ఎన్నాళ్ళు దాగుతుంది? కన్యాదానం పీటల మీద చేయి వణికితే పురోహితుడు మొదలు అందరూ చూస్తారు. దాచినది తరువాత బయటపడితే మాట పడవలసినది ఆ పిల్ల. "మా నాయనకు ఈ జబ్బు ఉన్నది, వైద్యం చేయించుకొన్నారు, ఇన్ని నెలలై ముట్టలేదు, వారం వారం మీటింగుకు వెళుతున్నారు" అని ముందే చెప్పగలిగిన ఇంటికి తలవంపు లేదు. ఆ మాట విని వెనక్కు పోయే సంబంధం, పోనీ పోనివ్వండి. ముహూర్తం కొన్ని నెలలు వెనక్కు జరిపినా నష్టం లేదు.

కనుక మీరు ఈ వారంలో చేయవలసినవి మూడు. పొడి పొట్లం తెప్పించకండి. డాక్టరుగారి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళి, మాన్పించడం ఇంట్లో కుదురుతుందా, ఆసుపత్రిలో చేరాలా అని అడగండి. పొద్దుటిపూట, ఆయన నిలకడగా ఉన్న వేళ చూసి, తిట్టకుండా ఏడవకుండా, "ఒక్కసారి వెళ్ళి వినిరండి, నేను బయట కూర్చుంటాను" అనండి. రానంటే మీరు ఆల్ అనాన్‌కు వెళ్ళండి. బావగారికి ఈ సంచిక చదవడానికి ఇవ్వండి. ఏ ఊళ్ళో ఏ రోజున మీటింగు జరుగుతుందో తెలిసిన పాఠకులు మాకొక కార్డు వ్రాయండి. మీ పేరు వ్రాయనక్కరలేదు.